తిరుగుడు కాదు, అంచు పరుగు

బాలానగర్‌లో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ పాత పిల్లర్ డ్రిల్ మూత ఎత్తి చూస్తే మెట్లమెట్లుగా పుల్లీలు కనిపిస్తాయి. బెల్టును ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మారిస్తే స్పిండిల్ వేగం మారుతుంది. చాలాచోట్ల ఆ బెల్టును ఎవరూ కదపరు. 5 మి.మీ. బిట్టుకూ 20 మి.మీ. బిట్టుకూ అదే వేగం. పెద్ద బిట్లు తరచూ కాలిపోవడానికి ముఖ్య కారణం ఇదే. నింద మాత్రం బిట్టు తయారుచేసిన కంపెనీ మీద పడుతుంది.

లోహాన్ని కోసేది అంచు. కాబట్టి చూడాల్సింది స్పిండిల్ ఎన్ని చుట్లు తిరిగిందని కాదు, ఆ అంచు నిమిషానికి ఎన్ని మీటర్లు పరిగెత్తిందని. మామూలు హైస్పీడ్ స్టీల్ బిట్టుకు మైల్డ్ స్టీల్‌లో 25 మీటర్లు మంచి వేగం. ఈ వేగాన్ని 1000తో హెచ్చించి, బిట్టు వ్యాసాన్ని 3.14తో హెచ్చించగా వచ్చినదానితో భాగిస్తే చుట్లు తెలుస్తాయి. నోటిలెక్కకైతే 8000ను వ్యాసంతో భాగిస్తే సరిపోతుంది. 10 మి.మీ. బిట్టుకు 800, 5కు 1600, 20కి 400. పోత ఇనుముకు 20 మీటర్లు, స్టెయిన్‌లెస్‌కు పది పన్నెండు చాలు. ఇత్తడికి 50, అల్యూమినియానికి 60 దాటినా పరవాలేదు.

ఈ అంకెల వెనక ఉన్నది వేడి. హైస్పీడ్ స్టీల్ దాదాపు 600 డిగ్రీల దాకా గట్టిదనం నిలుపుకుంటుంది, ఆపైన మెత్తబడిపోతుంది. కార్బైడ్ ఇంకా ఎక్కువ వేడిని ఓర్చుకుంటుంది కనుకే దాన్ని మూడు నాలుగు రెట్ల వేగంతో నడపగలం.

ఇదంతా ఊహించి రాసిన పట్టిక కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ స్టీల్ కర్మాగారంలో ఫ్రెడరిక్ టేలర్ 1880లో ప్రయోగాలు మొదలుపెట్టి, 26 ఏళ్ల తర్వాత, 1906లో ఫలితాలను లోకం ముందుంచాడు. అప్పటికి 8 లక్షల పౌండ్లకు పైగా లోహం చిప్స్‌గా మారింది. మధ్యలో మాన్సెల్ వైట్‌తో కలిసి హైస్పీడ్ స్టీల్‌కు రూపమిచ్చాడు. 1900 పారిస్ ప్రదర్శనలో ఆ స్టీల్‌తో చేసిన పనిముట్టు కొన ఎర్రగా కాలుతూనే ఉక్కును కోసింది. టేలర్ సూత్రంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది వేగానికీ పదునుకూ ఉన్న లంకె. హైస్పీడ్ స్టీల్‌కు వేగం పదో వంతు పెంచితే, పనిముట్టు ఆయుష్షు సగానికన్నా తగ్గిపోతుంది. పట్టికకు కాస్త అటూ ఇటూ అయితే ఏమవుతుందనుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క చూడాలి.

అలాగని మరీ నెమ్మదిగా నడిపితే క్షేమమనీ కాదు. మిల్లింగ్‌లో ఇది స్పష్టంగా తెలుస్తుంది. 80 మి.మీ. కట్టర్‌కు అదే 25 మీటర్ల లెక్కన నిమిషానికి 100 చుట్లు. దానికి పది పళ్లుండి, ఒక్కో పన్ను 0.1 మి.మీ. తీయాలంటే టేబుల్ నిమిషానికి 100 మి.మీ. జరగాలి, ఇదే ఫీడ్. భయపడి ఫీడ్ బాగా తగ్గిస్తే పన్ను కోయడం మానేసి రుద్దుతుంది. స్టెయిన్‌లెస్‌లోనైతే రుద్దినచోట జాబ్ పైపొర గట్టిపడిపోతుంది, ఆ తర్వాత వచ్చే పన్ను దాన్నే ఢీకొంటుంది.

డ్రిల్లింగ్‌లో ఇంకో చిక్కుంది. బిట్టు సరిగ్గా నడుమ అంచు వేగం సున్నా. అక్కడ లోహం తెగదు, నలుగుతుంది. పెద్ద రంధ్రానికి ముందు చిన్న బిట్టుతో దారి చేయమనేది అందుకే. రంధ్రం లోతు వ్యాసానికి మూడు రెట్లు దాటితే కూలెంట్ అడుగుదాకా చేరదు, చిప్స్ పైకి రావు. అప్పుడు వేగం తగ్గించి, బిట్టును మాటిమాటికీ బయటికి తీసి దులపాలి. పోత ఇనుమును మాత్రం పొడిగానే కోస్తారు. దాని చిప్స్ పొడిపొడిగా రాలతాయి, కూలెంట్ తగిలితే బురదలా పేరుకుంటాయి.