వంద వోల్టుల పాట

జపాన్ ఇళ్లలో కరెంటు 100 వోల్టులు. మన దగ్గర, నడిగూడెంలో, 230. జపాన్ పాత రికార్డ్ ప్లేయర్ కొనేవారు కంపెనీ పేరు కన్నా ముందు వెనక రేకు మీద అచ్చైన ఈ అంకె చూసుకోవాలి. ఎగుమతి కోసం చేసిన సెట్లలో చాలావాటికి వోల్టేజీ మార్చుకునే మీట ఉంటుంది. జపాన్ వాళ్లు తమ ఇళ్ల కోసం చేసుకున్న సెట్లకు సాధారణంగా అది ఉండదు. అలాంటిదాన్ని నేరుగా మన గోడ ప్లగ్గులో పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

బజారులో దొరికే 110 వోల్టుల స్టెప్‌డౌన్ డబ్బా కొంటే సమస్య తీరిందనుకుంటారు. అది సగమే తీరుతుంది. లోడు తగ్గిన రాత్రివేళ లైను 250కి ఎక్కిందంటే ఆ డబ్బా 120 దాకా ఇస్తుంది. యాభై ఏళ్ల నాటి కెపాసిటర్లకు అది పెద్ద దెబ్బ. 230కి సరిగ్గా 100 వచ్చేలా విడిగా చుట్టించుకోవడమే మేలు. కోదాడ, మిర్యాలగూడ లాంటి ఊళ్లలో బోరు మోటార్లు, మిల్లు మోటార్లు చుట్టే షాపుల్లో అడిగి చూడవచ్చు. ఒక్క షరతు గట్టిగా చెప్పాలి: లోపలికి వచ్చే వైండింగు, బయటికి వెళ్లే వైండింగు వేరువేరుగా ఉండాలి. ఒకే చుట్టతో చేసిన ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌లో తీగ తెగరాని చోట తెగితే 230 వోల్టులూ సెట్టులోకి దూకుతాయి.

రెండో చిక్కు ఫ్రీక్వెన్సీ. టోక్యో వైపు 50 హెర్ట్జ్, ఒసాకా వైపు 60. మనది 50. బెల్టుతో తిరిగే పాత ప్లేయర్లలో చాలావాటి మోటారు వేగం ఈ ఫ్రీక్వెన్సీని బట్టే ఉంటుంది. 60 హెర్ట్జ్‌కు తగ్గ ఒసాకా పుల్లీ ఉన్న ప్లేయర్‌ను ఇక్కడ తిప్పితే నిమిషానికి 33 చుట్లకు బదులు 28 కూడా రావు. ఘంటసాల భగవద్గీత ఎల్‌పీ పెడితే గొంతు హార్మోనియం మీద మూడు మెట్లు కిందికి దిగి, శ్లోకం ఈడ్చుకుంటూ సాగుతుంది. పుల్లీ మార్చితే సరిపోతుంది గాని, ఆ పుల్లీ దొరకాలి.

డైరెక్ట్ డ్రైవ్ ప్లేయర్లకు ఈ బాధ లేదు. వాటిలో బెల్టూ ఉండదు, పుల్లీ ఉండదు. మోటారు ఇరుసే పళ్లేన్ని మోస్తుంది, దాని వేగాన్ని ఎలక్ట్రానిక్ సర్క్యూట్ అదుపు చేస్తుంది. ఈ పద్ధతిని 1970లో టెక్నిక్స్ ఎస్‌పీ-10 బజారుకు తెచ్చింది. 1972లో ఎస్‌ఎల్-1200, 1979లో క్వార్ట్జ్ అదుపుతో దాని మార్క్ 2 వచ్చాయి. డెనాన్, సోనీ, కెన్‌వుడ్ కూడా ఇదే దారి పట్టాయి. అపురూపమైనది కావాలని వెతికేవారు మైక్రో సీకీ, నకమిచి పేర్ల వెంట పడతారు. మన ఊళ్లలో రోజూ పాట వినడానికి మాత్రం ఎక్కువగా అమ్ముడైన మోడలే మంచిది. విడిభాగాలు దొరికేది దానికే.

ప్లేయర్‌ను పరీక్షించడం చేతితోనూ చెవితోనూ చేసే పని. ముందు కరెంటు లేకుండా పళ్లేన్ని వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టి వినాలి. గరగర వినిపిస్తే బేరింగు అరిగినట్టు. తర్వాత సూదిని మోసే చెయ్యి, అంటే టోన్‌ఆర్మ్, వెనక బరువును జరిపి, ఆ చెయ్యి గాలిలో తక్కెడ కాడలా నిలిచేటట్టు చేయాలి. దాని మీద మెల్లగా ఊదితే ఎక్కడా పట్టకుండా పక్కకు తేలిపోవాలి. మధ్యలో ఒక్కచోట ఆగినా లోపలి బేరింగుకు దెబ్బ తగిలిందని అర్థం. అది ఇక్కడ బాగయ్యే పని కాదు. చివరగా కరెంటు ఇచ్చి పళ్లెం అంచున ఉన్న చుక్కల వరుసను చూడాలి. దీపం వెలుగులో చుక్కలు నిలబడినట్టు కనిపిస్తే వేగం సరిగ్గా ఉన్నట్టు.

జపాన్ పాత సామాన్ల దుకాణాల్లో ‘జంక్’ అని చీటీ కట్టిన సెట్లు అమ్ముతారు. అక్కడ ఆ మాటకు పూచీ లేదని అర్థం. వాటిలో కొన్ని చక్కగా పాడతాయి, కొన్ని అసలు తిరగవు. అక్కడ ఉద్యోగం చేస్తున్న మనవాళ్లు చవగ్గా ఉందని కొని తేవాలనుకుంటే, పళ్లెం తీసి వేరుగా చుట్టాలి, సూదిని పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ విప్పాలి, చెయ్యి కదలకుండా కట్టాలి. పళ్లెం ఇరుసు మీదే ఉండి ప్రయాణం చేస్తే ఆ కుదుపులన్నీ బేరింగే భరించాలి. ఎస్‌ఎల్-1200 మార్క్ 2 ఒక్కటే 12 కిలోలు దాటుతుంది. పాత ఎలక్ట్రానిక్ సామాను దిగుమతికి కస్టమ్స్ నిబంధనలు ఉన్నాయి. డబ్బు కట్టకముందే అవి తెలుసుకోవాలి.

ఆంప్లిఫయర్, స్పీకర్ల సంగతి ఇంతకన్నా తేలిక. సాన్సుయ్, పయనీర్, యమహా ఆంప్లిఫయర్లలో కెపాసిటర్లు మార్చడం, స్విచ్చులు కడగడం హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే సామానుతో అయ్యే పనే. 1970ల నడుమ సోనీ, యమహా వాడిన వీ-ఫెట్ ట్రాన్సిస్టర్లు పోతే మాత్రం మళ్లీ దొరకడం చాలా కష్టం. స్పీకర్ల అంచున ఫోమ్ ఉంటే మన ఎండకూ తేమకూ పొడిపొడిగా రాలుతుంది, గుడ్డ అంచు నిలుస్తుంది. యమహా ఎన్‌ఎస్-1000ఎం నేటికీ పాడుతున్నదంటే అందుకు గుడ్డ అంచు కూడా ఒక కారణం. దాని బెరీలియం గుమ్మటాలను వేలితో తాకకూడదు. పగిలితే ఆ ధూళి ఊపిరితిత్తులకు విషం.

అసలు డబ్బు పెట్టవలసింది సూది మీద. ఈ ప్రాంతపు పల్లెల్లో రికార్డులు ఎక్కువగా తిరిగింది మైకు సెట్ల వాళ్ల దగ్గర. పెళ్లి పందిట్లో, శ్రీరామనవమికి, టూరింగ్ టాకీస్‌లో ఆట మొదలయ్యేముందు, దుమ్ములో, బరువైన పికప్‌ల కింద అవి వందల సార్లు అరిగాయి. గుండ్రటి మొన ఉన్న మామూలు సూది ఆ అరిగిన చోటనే కూర్చుని గరగరను పాడుతుంది. జపాన్‌లో జేవీసీ ఇంజనీరు నోరియో షిబాటా 1970ల మొదట్లో నాలుగు చానెళ్ల రికార్డుల కోసం ఒక కొత్త మొన చెక్కాడు. అది గాడి గోడను సన్నగా, నిలువునా, ఎక్కువ మేర తాకుతుంది. పాత సూది అందుకోని చోటుకు ఇది అందుతుంది. పాడైపోయిందని మూలన పడేసిన ఎల్‌పీలో వీణ మీటు, తబలా ముక్తాయింపు తేటగా బయటపడడం ఈ వ్యాపకంలో అన్నిటికన్నా పెద్ద సంతోషం. రెండు గోడలూ పూర్తిగా తెగిపోయిన రికార్డును మాత్రం ఏ మొనా బతికించలేదు.

పాత కార్ట్రిడ్జ్ దొరికి సూది లేకపోతే బెంగ అక్కర్లేదు. 1873లో కుట్టు సూదులతో మొదలైన జికో సంస్థ అనేక పాత కార్ట్రిడ్జ్‌లకు సూదులు చేస్తున్నది. ఎన్‌హెచ్‌కే రేడియో కోసం 1964లో వచ్చిన డెనాన్ డీఎల్-103 నేటికీ కొత్తది దొరుకుతుంది. దాని శబ్దం చాలా సన్నం గనుక, దాన్ని పెంచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌గాని, ఎంసీ (మూవింగ్ కాయిల్) ఇన్‌పుట్ ఉన్న ఆంప్లిఫయర్‌గాని కావాలి.

78 చుట్ల ప్లేట్లున్నవారు ఇంకొన్ని సంగతులు చూడాలి. ఎస్‌ఎల్-1200 మార్క్ 2కు 78 వేగం లేదు, ఎస్‌పీ-10 మార్క్ 2కు ఉంది. ఎల్‌పీ సూది ఆ వెడల్పు గాడిలో అడుగుకు జారి మట్టినే గీకుతుంది. మూడు నాలుగు రెట్లు లావు మొన వేరుగా కొనాలి. తుడిచేటప్పుడు చుక్క డిస్టిల్డ్ వాటర్, మెత్తని గుడ్డ చాలు. ఎల్‌పీకి వాడే స్పిరిటు కలిపిన ద్రావణం వీటికి పనికిరాదు. ఆ ప్లేట్లు లక్కతో చేసినవి, లక్క స్పిరిటులో కరిగిపోతుంది.