చూసేది ఎప్పుడూ అమ్మే

పాపులర్ కల్చర్ పేపరు మొదటి క్లాసులో ఏటా ఒకే ప్రశ్న వేసేదాన్ని. "మీలో టీవీ సీరియల్స్ ఎవరు చూస్తారు?" ఎం.ఏ. ఇంగ్లీషు క్లాసులో ముప్పాతిక మంది అమ్మాయిలే. ఒక్క చెయ్యీ లేచేది కాదు. "మేం చూడం మేడమ్, మా అమ్మ చూస్తుంది" అనేవాళ్లు. మరి కథంతా ఎలా తెలుసని అడిగితే, అన్నం తింటుంటే చెవిన పడుతుందట. ఆ అమ్మల్లో ఎవరైనా ఫీజు కట్టడానికి వచ్చినప్పుడు మాటల్లో పెట్టి అడిగితే, "నాకెక్కడ తీరుతుందండీ, మా అత్తగారు పెట్టుకుంటారు, వంట చేస్తూ వింటుంటాను" అనేవారు. ఇంక ఆ అత్తగారిని అడిగితే ఏమంటారో ఊహించుకోవచ్చు. ఇన్ని ఇళ్లల్లో ఇన్ని గంటలు నడిచే సీరియల్‌ని చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. చూసేది ఎప్పుడూ ఇంకొకరే.

ఈ ఉద్యోగంలో చిరాకులు చాలానే ఉన్నాయి. "మేడమ్‌ది భలే సబ్జెక్టు, ఇంట్లో టీవీ చూస్తే జీతం" అని స్టాఫ్‌రూములో ఒకాయన పదేళ్లుగా ఒకే జోకు వేస్తున్నారు. సెమిస్టరు చివర మిగిలిన రెండు వారాల్లో ఆ యూనిట్ ముగించెయ్యమంటారు. ఇవన్నీ అలవాటైపోయాయి. అలవాటు కానిది జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడు కలిగే చిరాకు. సిలబస్‌లో జానిస్ రాడ్‌వే 1984లో రాసిన 'రీడింగ్ ద రొమాన్స్' నుంచి ఒక భాగం ఉంది. రొమాన్సు నవలలు చదివే అమెరికన్ గృహిణులతో ఆమె మాట్లాడింది. కథలో ఏముందన్నది ఒక సంగతి, చదవడమనే పని ఆ స్త్రీల రోజులో ఏం చేస్తోందన్నది ఇంకో సంగతి అని చూపించింది. పుస్తకం తెరిచి కూర్చున్న ఆ కాసేపూ మొగుడికీ పిల్లలకీ చెందని సమయమని ఆ స్త్రీలు ఆమెకు చెప్పారు. మా పిల్లలు దీని గురించి నాలుగేసి పేజీలు రాస్తారు. ఎప్పుడూ చూడని ఒక అమెరికన్ ఊళ్లోని ఆడవాళ్ల తీరిక గురించి రాస్తారు గానీ, వాళ్లమ్మ గురించి ఒక్క వాక్యం రాయరు. రాస్తే మార్కులు పోతాయని భయం. ఆ భయం వాళ్లకు ఎవరు నేర్పారు? మేమే. నేను కూడా.

నా సంగతీ చెప్పుకోవాలి. యూనివర్సిటీ హాస్టల్లో యద్దనపూడి సులోచనారాణి నవలని క్లాసు నోట్సు మధ్యలో దాచుకుని చదివాను. పరిశోధనాంశం ఎంచుకోవలసి వచ్చినప్పుడు మాత్రం జేన్ ఆస్టిన్ అన్నాను. డబ్బూ పెళ్లీ అభిమానమూ కలగలిసిన కథ ఇంగ్లీషులో ఉంటే పరిశోధన, తెలుగులో ఉంటే కాలక్షేపం. ఆ లెక్క అప్పట్లో నాకు అన్యాయంగా తోచలేదు సరికదా, నన్ను నేను ఆ లెక్కలో పైమెట్టు మీద నిలబెట్టుకున్నాను.

నా క్లాసు మారింది 'కార్తీకదీపం' వల్ల. 2017 నుంచి 2023 వరకూ స్టార్ మాలో వచ్చిన సీరియల్ అది. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు' దానికి మూలం. ఆ మాటకు నల్లముత్యం అని అర్థం. రంగు తక్కువని చిన్నచూపుకు గురైన దీపని డాక్టరు కార్తీక్ పెళ్లిచేసుకుంటాడు, తర్వాత ఆమె శీలాన్ని అనుమానిస్తాడు. ఆమె ఇల్లు వదిలి, వంటలు చేసుకుంటూ కూతుర్ని పెంచుతుంది. జనం ఆమెకు వంటలక్క అని పేరు పెట్టుకున్నారు. ఆ రోజుల్లో ఊరంతా వేసుకున్న జోకు ఒకటుంది. డాక్టరుబాబుకి డీఎన్ఏ టెస్టు సంగతి తెలీదా, చేయిస్తే ఒక్క రోజులో సీరియల్ అయిపోయేది కదా అని. క్లాసులో ఒకబ్బాయి ఆ జోకు వేశాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. సెమిస్టరంతా నోరు విప్పని అమ్మాయి. "టెస్టు చేయిస్తే సీరియల్ అయిపోతుంది మేడమ్. కానీ ఆమె మాట నమ్మినట్టు అవుతుందా?" అంది.

నేను నిలబడిపోయాను. ఆ జోకులో అందరికీ తెలివిగా కనిపించినదేమిటి? ఒక స్త్రీ నిజం చెబుతోందా లేదా అన్నది ఆమె మాటతో తేలదు, పరీక్షతో తేలుతుంది అన్నదే. నిప్పుల్లో దూకించినా రక్తం తీసినా పరీక్ష పెట్టే హక్కు ఎవరిదన్న ప్రశ్న అలాగే ఉంటుంది. సీత చుట్టూ ఓల్గా 'విముక్త' కథల్లో సాగించిన ఆలోచన గురించి మనం సదస్సుల్లో మాట్లాడుకుంటాం. అదే ప్రశ్న దగ్గరికి ఈ అమ్మాయి సీరియల్ దారిలో వచ్చింది. సీరియల్ ఆ ప్రశ్నని వేసిందని నేననను. అది వెయ్యికి పైగా ఎపిసోడ్లలో అనుమానాన్నే సాగదీసి అమ్ముకుంది. చివరికి భర్త నమ్మకమే ఆమె గెలుపు అన్నట్టు చూపించింది. కానీ ప్రతి సాయంత్రం ఆ అనుమానం ముందు కూర్చున్న స్త్రీలు దాన్ని ఎలా తీసుకున్నారన్నది వేరే విషయం. దాన్ని తెలుసుకోవాలంటే వాళ్లను అడగాలి. వాళ్లేమో చూడలేదంటారు.

క్లాసయ్యాక ఆ అమ్మాయిని పిలిచి, "నువ్వు చూస్తావా?" అన్నాను. అదే జవాబు వచ్చింది, "మా అమ్మ చూస్తుంది మేడమ్." కాసేపాగి, "నిలబడి చూస్తుంది" అంది. వాళ్లమ్మ మూడిళ్లలో పనిచేస్తుంది. ఏడున్నరకి చివరి ఇంట్లో గిన్నెలు కడిగి, హాలు గుమ్మం దగ్గర చేతులు తుడుచుకుంటూ నిలబడుతుంది. ఆ ఇంటావిడ సోఫాలో ఉంటుంది. ప్రకటనలప్పుడు ఇద్దరూ కథ మాట్లాడుకుంటారు. ఆవిడ కూర్చోమనదు, ఈమె కూర్చోదు. "ఇంటికొచ్చి మా అక్కకీ నాకూ అన్నం పెడుతూ కథ చెప్తుంది. వంటలక్క నల్లగా ఉన్నా హీరోయినయింది చూడండే అంటుంది. నాకేమో కోపమొస్తుంది మేడమ్. తెల్లటావిడకి నల్లరంగు పూశారు కదా. నల్లవాళ్లు దొరకలేదా?"

పగటి సీరియల్స్ గురించి టానియా మోడ్‌లెస్కీ 1982లోనే ఒక మంచి మాట చెప్పింది. ముక్కలుముక్కలుగా సాగే ఆ కథనం, పనుల మధ్య తెగిపోతూ సాగే గృహిణి రోజుకి సరిపోయేలా తయారైందని. నేను దాన్ని ఎన్నో ఏళ్లు పాఠంగా చెప్పాను. ఆ గృహిణి ఇంట్లో ఇంకొక స్త్రీ పనిచేస్తుంటుందనీ, ఒకే టీవీ ముందు ఒకరు కూర్చుని ఇంకొకరు నిలబడి ఉంటారనీ నాకు తట్టలేదు. 'స్త్రీ ప్రేక్షకులు' అని ఒక్క మాటలో అనేశాను. ఆ మాటలో కులం ఎక్కడ నిలబడిందో కనిపించదు. సోఫాకీ గుమ్మానికీ మధ్య దూరం నాకు ఏ సిద్ధాంతగ్రంథమూ చూపించలేదు, ఆ అమ్మాయి చూపించింది.

ఆ ఏడాదే పాత పాపులర్ నవలల మీద పని మొదలుపెడదామని ఒక గ్రంథాలయానికి వెళ్లాను. 1960లు, 70ల నాటి వారపత్రికల సంపుటాలు అక్కడ ఉండేవని తెలుసు. చోటు చాలక తూకానికి అమ్మేశారట. "నవలలు పుస్తకాలుగా వచ్చాయి కదమ్మా, అవి చాలవా?" అన్నారు అక్కడి పెద్దాయన మర్యాదగానే.

చాలవు. పుస్తకంలో కథ ఉంటుంది, చదవడం ఉండదు. ఏ వారం ఏ మాట దగ్గర 'సశేషం' పడిందో, ఏ ఉత్కంఠని ఒడిలో పెట్టుకుని ఒక స్త్రీ ఏడు రోజులు గడిపిందో పుస్తకం చెప్పదు. కథ పక్కన ఏ సబ్బు ప్రకటన ఉందో, ఎలాంటి బొమ్మ వేశారో, పై వారం పాఠకురాళ్ల ఉత్తరాల్లో ఏం తిట్టారో చెప్పదు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. యద్దనపూడి 'మీనా'ను 1973లో విజయనిర్మల సినిమాగా తీసింది. అదే ఏడాది 'జీవన తరంగాలు' వచ్చింది, 1976లో 'సెక్రటరీ' వచ్చింది. పత్రిక అమ్మకాలు ఆడవాళ్ల సీరియళ్ల మీద నడిచిన కాలమది. మగ రచయితలు కూడా ఆడపేర్లు పెట్టుకున్న కాలం. 2016లో 'అ ఆ' సినిమా వచ్చినప్పుడు ఇది 'మీనా' కథే కదా అని ఎందరో స్త్రీలు వెంటనే గుర్తుపట్టారు. నలభై ఏళ్లు దాటినా వాళ్లకు గుర్తుంది. మన సాహిత్య చరిత్రలు మాత్రం ఆ దశాబ్దాలని 'కాలక్షేప సాహిత్యం వెల్లువ' అని ఒక పేరాలో దాటేస్తాయి. సినిమా అభిమానుల మీద మంచి పరిశోధన వచ్చింది. ఎస్.వి. శ్రీనివాస్ 2009లో వెలువరించిన 'మెగాస్టార్' అందుకు ఉదాహరణ. అభిమాన సంఘానికి ఒక గది ఉంటుంది, బ్యానరు ఉంటుంది, గోడమీద రాత ఉంటుంది. వంటింట్లో పొయ్యి పక్కన చదివిన స్త్రీ ఏ గోడమీద రాసింది? ఆమె ఆనవాలు ఉన్నది ఆ వారపత్రికల్లోనే. దాన్ని కిలోల లెక్కన అమ్మేశాం.

పత్రికలు పోతే మనుషులున్నారు కదా అని రికార్డరు పట్టుకుని మా అమ్మ ముందు కూర్చున్నాను. ఆమె ఎంత చదివేదో నాకు తెలుసు. అన్నం మాడిన రోజులు గుర్తున్నాయి. అయినా రికార్డరు వెలగగానే, "నేనేం చదివేదాన్నే, ఏదో పొద్దుపోక తిరగేసేదాన్ని. నీలాగా చదివానా ఏమన్నానా?" అంది. నీలాగా అన్న మాట దగ్గర నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. ఆమె పుస్తకాలు చూసి పదిహేడేళ్ల వయసులో నేను మొహం తిప్పుకున్న తీరు ఆమె మర్చిపోలేదు.

ఇంకేం అడగలేదు. నాలుగు రోజుల తర్వాత ఆమే అటక మీంచి ఒక బైండు దించమంది. వారం వారం పేజీలు చింపి, పిండి జిగురుతో అట్ట వేసి కుట్టుకున్న సీరియల్. వెనక అట్ట లోపల పెన్సిలుతో ఒక జాబితా ఉంది. పోస్టుమాస్టరుగారి భార్య. కరణంగారి చిన్నకోడలు. హెడ్‌మాస్టరుగారమ్మాయి. నర్సమ్మ. కుట్టుమిషను పిన్ని. మొత్తం పదకొండు మంది, ఎవరు ఎప్పుడు తీసుకున్నారో, ఎప్పుడు తిరిగిచ్చారో గుర్తులతో. అది ఒక గ్రంథాలయం. సొంత పేరుతో ఉన్న పాఠకురాలు అందులో ఒక్కరూ లేరు. "మరి మనింట్లో అంట్లు తోమే ఆమె?" అన్నాను. "దానికి చదువు రాదుగా. నేను చదువుతుంటే పెరటి గుమ్మం అవతల కూర్చుని వినేది" అంది. జాబితాలో ఆమెకు చోటు లేదు. కథ ఆమెకూ వచ్చు. ఆ గుమ్మం, మా విద్యార్థిని వాళ్లమ్మ నిలబడే గుమ్మం ఒకటే.

నా స్త్రీవాద మిత్రులు కొందరు కోప్పడతారు. ఆడదాన్ని ఏడిపించే ఈ చెత్తను సమర్థిస్తావా అంటారు. సమర్థించను. అభిమానవతి అయిన ఉద్యోగిని చివరికి ధనవంతుడైన యజమాని గుండెమీద వాలడం విముక్తి అని నేను అనలేను. అలాగని చూసే ప్రతి స్త్రీ తిరుగుబాటు చేస్తోందని రాసే కొత్త ఫ్యాషను కూడా నాకు పడదు. సోఫాలో కూర్చున్నామె నిలబడ్డామెను కూర్చోమనలేదు కదా. నేననేది ఒక్కటే. ఈ కథల మీద మనం కుమ్మరించిన తిరస్కారం కథలకు తగల్లేదు. అవి హాయిగా అమ్ముడుపోతున్నాయి. అది చదివినవాళ్లకు తగిలింది. వాళ్ల చేత 'నేను కాదు' అనిపించింది. తన చదువు తనదని చెప్పుకోలేని పాఠకురాలు ఆ చదువుతో పోట్లాడనూ లేదు. 'నల్లవాళ్లు దొరకలేదా?' అని అడగాలంటే ముందు 'నేను చూశాను' అనాలి.

అందుకే ప్రశ్న మార్చాను. కిందటేడు మొదటి క్లాసులో, "ఎవరు చూస్తారు?" అనలేదు. "మీ ఇంటి బొమ్మ గీయండి. టీవీ ఎక్కడుంది? సాయంత్రం సీరియల్ వచ్చేటప్పుడు ఎవరు ఎక్కడుంటారో గుర్తు పెట్టండి. మీరెక్కడున్నారో కూడా" అన్నాను. కాసేపు గుసగుసలు, తర్వాత పెన్సిళ్ల చప్పుడు. చాలామంది వంటింటి గుమ్మంలో ఒక చుక్క పెట్టారు. కొందరు మంచం మీద ఫోనుతో తమని తాము గీసుకున్నారు. ఒకమ్మాయి టీవీ గీయలేదు, ఎదురింటి కిటికీ గీసింది. అమ్మ బైండు నా టేబులు మీద పెట్టాను. వెళ్తూ వెళ్తూ ఒక్కొక్కరూ తెరిచి చూశారు. చివరి అట్ట దగ్గర ఆగి ఒకమ్మాయి, "ఇందులో మీ అమ్మగారి పేరేది మేడమ్?" అని అడిగింది.

నేను అంతకుముందు గమనించలేదు. ఇంటికి వెళ్లి అమ్మకి పెన్సిలు ఇచ్చాను.