కైజర్: రోము నుంచి పాలమూరు దాకా

జర్మన్ చక్రవర్తుల బిరుదు ‘కైజర్’ రోమన్ సేనాని జూలియస్ సీజర్ ఇంటిపేరు. దత్తపుత్రుడు ఆక్టేవియన్ ఆ పేరు పెట్టుకుని తొలి చక్రవర్తి అయ్యాడు. తరవాతి ఏలికలూ దాన్ని వదలకపోవడంతో ఇంటిపేరు కాస్తా పదవి పేరయింది. లాటిన్‌లో దాని ఉచ్చారణ ‘కైసర్’. జర్మన్ తెగలు ఆనాడే ఆ మాట అందుకున్నాయి కాబట్టి ‘క’కారం నిలిచింది. రష్యా ‘జార్’ కూడా ఇందులోంచి వచ్చిందే.

1871 జనవరి 18న వెర్సాయ్‌లో ప్రష్యా రాజు విల్‌హెల్మ్ చక్రవర్తి అయ్యాడు. ‘జర్మనీ కైజర్’ అనిపించుకోవాలని ఆయన పట్టు. అలాగంటే తమ రాజ్యాలన్నీ ఆయన సొత్తయినట్టేనని తక్కిన జర్మన్ రాజులు ఒప్పుకోరు. అందుకే ‘జర్మన్ కైజర్’ చాలన్నాడు ఆయన ప్రధాని బిస్మార్క్. బాడెన్ ప్రభువు ‘కైజర్ విల్‌హెల్మ్’కు జేజేలు పలికి, ఆ చిక్కును దాటేశాడు.

తెలంగాణ నేలకు ఈ పేరు జర్మన్ సామ్రాజ్యం పుట్టక ముందే చేరింది. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో రోమన్ వెండి నాణేల నిధి దొరికింది. మన దేశంలో ఎక్కువగా దొరికే ఆగస్టస్, టైబీరియస్ నాణేల మీద చక్రవర్తి తల చుట్టూ ఉండే అక్షరాల్లో ‘సీజర్’ కనిపిస్తుంది.

పారశీకం, ఉర్దూల్లో రోమ్ చక్రవర్తి ‘కైసర్’. 1876లో విక్టోరియా భారత సామ్రాజ్ఞి బిరుదు తీసుకున్నప్పుడు, పండితుడు లైట్నర్ సూచనపై దేశభాషల్లో ‘కైసర్-ఎ-హింద్’ ఖాయం చేశారు. ఇటు హిందువుల బిరుదు, అటు మొగలుల బిరుదు కాకపోవడం దానికి కలిసొచ్చింది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో ఆ బిరుదు చాటినప్పుడు, పదేళ్ల హైదరాబాద్ నిజాం మహబూబ్ అలీఖాన్ తన దివాన్ సాలార్‌జంగ్ వెంట అక్కడ ఉన్నాడు. మూసీ వరద సాయానికి ఆ బిరుదు పేరిటే ఉన్న కైసర్-ఎ-హింద్ పతకం పొందిన సరోజినీ నాయుడు, జలియన్‌వాలాబాగ్ హత్యాకాండకు నిరసనగా దాన్ని తిప్పి పంపారు.

1918 నవంబరులో రెండో విల్‌హెల్మ్ గద్దె దిగడంతో జర్మనీలో ఆ బిరుదు పోయింది. 1948 జూన్‌లో బ్రిటిష్ రాజు భారత చక్రవర్తి బిరుదు వదులుకోవడంతో ఇక్కడా దానికి కాలం చెల్లింది. దర్బారు చూసిన ఆ బాల నిజాం పేరు మాత్రం 1890లో పాలమూరుకు పెట్టిన ‘మహబూబ్‌నగర్’లో ఉండిపోయింది.