తలుపు బయటి శిష్యురాలు

పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో మా గైడ్ గది బయట ఒక చెక్క బల్ల ఉండేది. రాసిన చాప్టర్ ఒళ్లో పెట్టుకుని ఆ బల్ల మీద ఎన్ని మధ్యాహ్నాలు గడిపానో లెక్కలేదు. లోపలికి పిలిచాక మేడమ్ కాగితాలు తిప్పి చూసి, "ఇది కాదమ్మా" అని తిరిగి ఇచ్చేసేవారు. ఏది అవునో మాత్రం చెప్పేవారు కాదు. అప్పట్లో ఆ శాఖలో ఆవిడొక్కరే మహిళా ప్రొఫెసర్. అందుకే కాబోలు, నన్ను కూతురిలా చూసుకుంటారని ఆశపడ్డాను. అలా జరగనప్పుడు మగ గైడ్ మీదైతే రానంత కోపం ఆవిడ మీద వచ్చింది. ఆ కోపంలో ఎంత న్యాయం ఉందో నన్ను ఆలోచించుకునేలా చేసింది ఏ సిద్ధాంత గ్రంథమో కాదు, పిల్లల కోసం రాసిన ఒక చిన్న నవల.

అమెరికన్ రచయిత్రి కారెన్ కుష్‌మన్ రాసిన 'ది మిడ్‌వైఫ్స్ అప్రెంటిస్' 1995లో వచ్చింది. 1996లో న్యూబెరీ పతకం అందుకుంది. కథ మధ్యయుగపు ఇంగ్లండులోది. ఆ కాలం అనగానే మన కళ్ల ముందు మెదిలే యోధులూ రాకుమార్తెలూ ఇందులో కనిపించరు. పల్లె బురద, ఆకలి, పురిటి నొప్పులు ఉంటాయి.

చలికి తట్టుకోలేక పెంటకుప్ప వేడిలో దూరి పడుకున్న ఒక అనాథ పిల్లతో నవల మొదలవుతుంది. ఆమెకు ఊరు లేదు, తల్లి ఎవరో తెలియదు, వయసు తెలియదు. అందరూ 'బ్రాట్' అని తిట్టిందే పేరు. ఆ ఊరి మంత్రసాని జేన్ షార్ప్ ఆమెను లేపి పనిలో పెట్టుకుంటుంది. పేడలో దొరికింది గనుక 'బీటిల్' అంటుంది, అంటే పేడపురుగు. జాలిపడి చేరదీయడం కాదిది. తిండి మాత్రమే పెట్టి చాకిరీ చేయించుకోవచ్చు. పైగా ఇంత బెదురుగొడ్డు తనకు పోటీ రాదు. శిష్యరికం మొదలయ్యేది ఈ లెక్కతోనే.

పురుడు పోసేటప్పుడు జేన్ ఆ పిల్లను గదిలోకి రానివ్వదు. మూలికలు దంచడానికి, మరిచిపోయిన వస్తువు కోసం ఇంటికి పరుగెత్తడానికి మాత్రమే బీటిల్ కావాలి. ఆ పిల్ల కిటికీల్లోంచి దొంగచాటుగా చూసి నేర్చుకుంటుంది. నేను ఈ పేజీల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మన ఇళ్లలో, విద్యాలయాల్లో ఆడపిల్లల చదువులో ఎంత భాగం ఇలా కిటికీ చదువే!

ఈ నవలలో అస్తిత్వం ఎవరో ప్రసాదించే వరం కాదు. తిరునాళ్లకు వెళ్లినప్పుడు ఒకతను ఈ పిల్లను చూసి, చదవడం వచ్చిన ఆలిస్ అనే వేరే అమ్మాయి అనుకుంటాడు. చదువుకున్న మనిషి ముఖంలా తన ముఖం ఉండగలదా అని ఆమె ఆశ్చర్యపోతుంది. ఆ పొరపాటునే పేరుగా తీసుకుంటుంది. ఊళ్లో వాళ్లు నవ్వుతారు. అయినా వదలదు. తర్వాత తను కాపాడిన పిల్లికి పేరు పెడుతుంది, తనలాగే దిక్కులేని ఒక పిల్లవాడికి ఎడ్వర్డ్ అని పేరు పెడుతుంది. తిట్టే పేరుగా బతికిన మనిషి ఇతరులకు పేర్లు పెట్టే స్థితికి రావడమే ఈ నవలలో ఎదగడమంటే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినవి రెండు పురుళ్లు. జేన్ ఒక కాన్పును వదిలి జమీందారిణి కాన్పుకు వెళ్లినప్పుడు ఆలిస్ ఒంటరిగా మిగులుతుంది. అంతకుముందు విల్ అనే కుర్రాడితో కలిసి ఒక ఆవు ఈనుతుంటే సాయం పట్టింది. అక్కడ తెలిసిన ఓర్పునీ మెత్తని మాటనీ ఇక్కడ వాడుతుంది. బిడ్డ క్షేమంగా పుడుతుంది, తల్లి ఆ బిడ్డకు ఆలిస్ పేరే పెడుతుంది. జేన్ అయితే నొప్పులు పడే ఆడవాళ్ల మీద అరుస్తుంది, చెయ్యి కూడా చేసుకుంటుంది. నవల ఇక్కడితో ఆగితే, కరుకు చెయ్యి కంటే కరుణ గొప్పదని చెప్పుకుని మనం తృప్తిపడేవాళ్లం. రచయిత్రి ఆ తృప్తి దక్కనివ్వదు. తర్వాత ఎమ్మా బ్లంట్ కాన్పుకు ఆలిస్‌నే కోరి పిలుస్తారు. ఆలిస్‌కు తెలిసిందంతా చేసినా బిడ్డ రాదు. చివరికి జేన్‌ను పిలవాల్సి వస్తుంది, ఆమె వచ్చి పురుడు పోస్తుంది. సిగ్గుతో ఆలిస్ ఊరు విడిచి పారిపోతుంది.

ప్రేమను నైపుణ్యానికి బదులుగా చూపించే అలవాటు మన విమర్శలోనూ ఉంది. ఆడవాళ్ల పని అనగానే సహనం, ఆర్ద్రత అంటూ మొదలుపెడతాం, ఆ పని వెనకున్న కఠినమైన విద్యను మరుస్తాం. మంత్రసాని విద్యను విద్యగా లెక్కించని సమాజం కూడా ఈ మాటే చెబుతుంది కదా. ఎమ్మా బ్లంట్‌కు ఆ రాత్రి కావలసింది విద్య తెలిసిన చెయ్యి. అది ఆ దురుసు మనిషి దగ్గరే ఉంది.

పారిపోయిన ఆలిస్ ఒక పూటకూళ్ల ఇంట్లో పనికి కుదురుతుంది. అక్కడ బస చేసిన పండితుడు మాజిస్టర్ రీస్ ఆమె బిడియం కనిపెట్టి, పిల్లికి అక్షరాలు నేర్పుతున్నట్టు నటిస్తూ ఆమెకు చదువు చెబుతాడు. ఎంత మంచి గురువు! మొదటిసారి చదివినప్పుడు జేన్ ఎక్కడ, ఈయన ఎక్కడ అనుకున్నాను. రెండోసారి చదివినప్పుడు ఇంకో ప్రశ్న పుట్టింది. అక్షరాలు పంచితే రీస్‌కు పోయేదేముంది? ఆలిస్ చదవడం నేర్చుకున్నంత మాత్రాన ఆయన స్థానం కదలదు. జేన్ సంగతి అలా కాదు. ఆ ఊళ్లో ఇంకో మంత్రసాని తయారైతే ఆమె కూటికి ఎసరు. ఉదారంగా ఉండే వీలు కూడా అందరికీ సమానంగా దక్కదు. శాఖ మొత్తానికి ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్న స్త్రీని నేను ఎవరితో పోల్చానో అప్పుడు అర్థమైంది.

అలాగని జేన్‌ను పూర్తిగా క్షమించలేను. ఆమె పూటకూళ్ల ఇంటికి వచ్చి, చాటున ఉన్న ఆలిస్‌కు వినబడేలా రీస్‌తో మాట్లాడుతుంది. తన శిష్యురాలి తప్పు పని చేతకాకపోవడం కాదట, మధ్యలో వదిలేసి పోవడమట. ఆ మాటలో నిజం ఉంది. కానీ తలుపు మూసి ఉంచి, కిటికీలోంచి నేర్చుకున్నంతే నేర్చుకున్న పిల్లను, ఎందుకు నిలబడలేదని అడగడం ఏ న్యాయం? నవల ఈ ప్రశ్నను జేన్ ముందు పెట్టదు. నాకు అదొక లోటుగానే తోస్తుంది.

పదిహేడో శతాబ్దంలో నిజంగానే ఒక జేన్ షార్ప్ ఉండేది. 1671లో మంత్రసాని విద్య మీద ఇంగ్లిషులో పుస్తకం అచ్చువేయించింది. ఆమె తన విద్యను పుస్తకంలో పెట్టి తోటి మంత్రసానులకు అందించింది. నవలలోని జేన్ తలుపు గడియ పెట్టుకుంది. ఒకే పేరుతో రెండు దారులు.

చివర్లో ఆలిస్ ముందు మెరుగైన దారులే ఉన్నాయి. ఒక వ్యాపారి భార్యకు పురుడు పోశాక వాళ్లు తమ ఇంటికి రమ్మంటారు. రీస్ తన అక్కచెల్లెళ్లలో ఒకరి ఇంట్లో చోటు చూపిస్తానంటాడు. ఆమె మాత్రం జేన్ గుమ్మం తడుతుంది. మొదట తిప్పి పంపినా మళ్లీ వెళ్లి, తలుపు తీసేదాకా వస్తూనే ఉంటానంటుంది. చెప్పింది చేస్తానన్న లొంగుబాటు కూడా ఆ మాటల్లో ఉంది. అది నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. అయితే పెంటకుప్ప నుంచి లేచి వెళ్లింది బీటిల్, తిరిగొచ్చింది ఆలిస్. ఆశ్రయం కోసం కాదు, విద్య కోసం వచ్చింది. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటుంది మన సామెత. మర్యాద కోసం దాన్ని సగమే చెప్పుకుంటాం. ఆలిస్ మిగతా సగానికీ సిద్ధపడి వచ్చింది.

ఇప్పుడు ఎం.ఏ. ప్రాజెక్టు కాగితాలతో అమ్మాయిలు నా దగ్గరికి వస్తున్నారు. మొన్న ఒకమ్మాయితో "ఇది కాదమ్మా" అన్నాను. అచ్చం మేడమ్ గొంతే. ఆ అమ్మాయి గుమ్మం దాటబోతుంటే వెనక్కి పిలిచి కుర్చీ జరిపాను. ఏది కాదో, ఎందుకు కాదో, ఏదైతే అవునో వివరించడానికి సాయంత్రమైంది. తను ఎంతవరకు విందో నాకు తెలియదు. తలుపు మాత్రం తెరిచే ఉంది.