'లింకన్' సినిమాలో కనబడని ఫైలు

మన బడుల్లో చాలాచోట్ల లింకన్ గోడ మీద ఉంటాడు. కొడుకును బడిలో చేర్పిస్తూ టీచరుకు రాశాడని చెప్పే ఉత్తరాన్ని ఫ్రేము కట్టి హెడ్మాస్టరు గదిలో వేలాడదీస్తారు. నిజానికి ఆ ఉత్తరం లింకన్ రాశాడనడానికి ఆధారం లేదు. అయినా ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఎవరో ఒకరు దాన్ని చదువుతారు. నేనూ చదివాను. దుంగల గుడిసెలో పుట్టి దేశాధ్యక్షుడైన మనిషి కథ, గుడిసెల్లో పుట్టిన మన పిల్లలకు నచ్చకుండా ఎలా ఉంటుంది?

అందుకే స్టీవెన్ స్పీల్‌బర్గ్ 2012లో తీసిన 'లింకన్' సినిమాను ఒక ఆదివారం మా ఆశ్రమ పాఠశాల పదో తరగతి పిల్లలకు చూపించాను. రెండున్నర గంటల సినిమా. యుద్ధం తక్కువ, మాటలు ఎక్కువ. మధ్యమధ్య ఆపి తెలుగులో చెబుతూ పోయాను.

కథ 1865 జనవరిలో మొదలవుతుంది. అంతర్యుద్ధం ముగింపుకొచ్చింది. యుద్ధం ఆగేలోపే బానిసత్వాన్ని రద్దు చేసే పదమూడో రాజ్యాంగ సవరణను ప్రతినిధుల సభలో గెలిపించాలని లింకన్ పట్టుదల. మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, అన్ని లేవు. ఎన్నికల్లో ఓడి ఇంటికి పోబోతున్న సభ్యులకు ఉద్యోగాలు ఆశచూపి ఓట్లు కూడగడతారు. చివరికి జనవరి 31న 119 ఓట్లకు 56తో సవరణ నెగ్గుతుంది.

సినిమా బలం ఇక్కడే ఉంది. మంచి చట్టం ఆకాశం నుంచి ఊడిపడదని, ఒక్కొక్క ఓటూ లెక్కపెట్టి తెచ్చుకోవాల్సిందేనని ఇది చూపిస్తుంది. అటవీ హక్కుల చట్టం 2006లో రావడానికి ఎన్నేళ్లు తిరగాల్సి వచ్చిందో తెలిసిన మనకు ఈ మాట కొత్త కాదు. డేనియల్ డే లూయిస్ లింకన్‌గా నటించాడనిపించదు. వంగిన వీపు, సన్నని గొంతు, ఎదుటివాడు విసుక్కున్నా ఆపకుండా చెప్పే పిట్టకథలు చూస్తుంటే మన ఊరి పెద్దమనిషి ఎవరో గుర్తొస్తాడు. జీవితమంతా సమానత్వం కోసం అరిచిన థాడియస్ స్టీవెన్స్, సవరణ నెగ్గడం కోసం ఆ రోజు సభలో నాలుక కరచుకుని 'చట్టం ముందు సమానత్వం' దగ్గరే ఆగిపోయే సన్నివేశం ఉపాధ్యాయులు తప్పక చూడాలి.

లోపమూ ఉంది. బానిసత్వం మీద సినిమా ఇది. కానీ బానిసత్వం నుంచి తప్పించుకొచ్చి దేశమంతా కదిలించిన ఫ్రెడరిక్ డగ్లస్ ఇందులో లేడు. నల్లవారు ఎక్కువగా ఇంటి పనివారుగా, సైనికులుగా, చివర్లో గ్యాలరీలో కూర్చున్న ప్రేక్షకులుగా కనిపిస్తారు. విడుదల వాళ్లది, కథ మాత్రం తెల్లవారిది.

నన్ను ఎక్కువగా ఆపిన సన్నివేశం వేరే. ఒక రాత్రి లింకన్ నిద్ర పట్టక మరణశిక్షల ఫైళ్లు తిరగేస్తాడు. భయంతో గుర్రాన్ని కుంటిదాన్ని చేసిన పదహారేళ్ల కుర్ర సైనికుడి కేసు వస్తుంది. భయపడినందుకు పిల్లవాడిని ఉరితీయకూడదంటాడు. అక్కడ మా పిల్లల కళ్లు తడిశాయి. సినిమా అయ్యాక వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు: "సార్, ఆ దేశంలో మనలాంటోళ్లు ఉంటారు కదా, వాళ్లు ఒక్కరూ కనబడలేదేంటి?"

జనరల్ గ్రాంట్ సిబ్బందిలో సెనెకా తెగకు చెందిన ఈలీ పార్కర్ కొద్దిసేపు కనిపిస్తాడు. అతనెవరో ముందే తెలిస్తే తప్ప పట్టుకోలేం. అందుకే ఆ పిల్లవాడికి సినిమాలో లేని మరో ఫైలు గురించి చెప్పాను.

1862లో మిన్నెసోటాలో డకోటా ప్రజలు తమ భూమి చాలావరకు ఒప్పందాల్లో పోగొట్టుకుని, నది పక్క సన్నటి పట్టీలో బతుకుతున్నారు. దానికి బదులుగా రావాల్సిన డబ్బు సమయానికి రాలేదు. ఆకలి. వర్తకులు అప్పివ్వలేదు. ఆగస్టులో తిరగబడ్డారు. వందల మంది వలసదారులు చనిపోయారు. సైనిక విచారణలు కొన్ని నిమిషాల్లోనే ముగిశాయి. ముద్దాయిలకు వకీలు లేడు. 303 మందికి మరణశిక్ష పడింది. లింకన్ ఆ కాగితాలు తెప్పించుకుని పరిశీలించి, 39 మంది పేర్లు స్వయంగా చేత్తో రాశాడు. చివర్లో ఒకరికి శిక్ష ఆగింది. డిసెంబరు 26న మంకేటోలో 38 మందిని ఒకేసారి ఉరితీశారు. అమెరికా చరిత్రలో ఇంతమందిని ఒక్కసారే ఉరితీసింది లేదు. ఆరు రోజుల తర్వాత, 1863 జనవరి 1న, అదే చేయి బానిస విముక్తి ప్రకటన మీద సంతకం చేసింది.

అందరినీ ఉరితీయమని మిన్నెసోటా అంతా అరుస్తుంటే లింకన్ చాలామందిని తప్పించాడు. అది చెప్పకపోతే మనమూ అబద్ధం చెప్పినట్టే. అదే ఏడాది మేలో వలసదారులకు 160 ఎకరాల చొప్పున భూమి ఇచ్చే హోమ్‌స్టెడ్ చట్టంపైనా, జూలైలో పసిఫిక్ రైలుమార్గ చట్టంపైనా సంతకం పెట్టాడు. ఆ నేలలు ఎవరివో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

'సినిమా ఒక్క నెల కథే కదా' అని ఎవరైనా అనొచ్చు. కానీ 1864 నవంబరు 29న కొలరాడోలోని శాండ్ క్రీక్ దగ్గర సైనికులు షాయెన్, అరాపహో ప్రజలపై పడి చంపారు. చనిపోయినవారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, ముసలివాళ్లు. దానిపై విచారణ జరపాలని ప్రతినిధుల సభ తీర్మానించింది 1865 జనవరి 10న. సినిమాలో మనం చూసే సభ అదే, నెలా అదే. ఆ ఫైలు ఆ బల్లల మీదే ఉంది. కెమెరా అటు తిరగలేదు. ఆదివాసులందరికీ పౌరసత్వం దక్కింది 1924లో. ఓటు లేనివాడు ఓట్ల లెక్కల కథలో కనబడడు.

లింకన్ పటం గోడ మీంచి దించమని నేను చెప్పడం లేదు. ఈ సినిమా మన పిల్లలకు చూపించాలి. చూపించాక ఒక గంట అదనంగా కూర్చోవాలి. ప్రతి చట్టాన్నీ రెండు ప్రశ్నలు అడగడం నేర్పాలి: ఇది ఎవరికి ఇచ్చింది, ఎవరి దగ్గర తీసుకుంది? మా బడిలో ఆ ఉత్తరం పక్కన ఇప్పుడు ఒక కాగితం అంటించాం. మంకేటో, 1862, 38 మంది అని పిల్లలే తమ అక్షరాలతో రాశారు.