మెరుపు లేని నలుపు

పిస్టల్ పోటీల్లో గెలుపోటములను తేల్చే భాగం ఎంత చిన్నదో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. గొట్టం కొసన నిలబడే ఫ్రంట్ సైటు వెడల్పు మామూలుగా మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు. చేతికి దగ్గరగా రేర్ సైటు ఉంటుంది, దాని నడుమ చదరపు గాడి. షూటర్ చెయ్యి చాచి ఆ గాడిలోంచి చూసినప్పుడు ముందరి పోస్టు, అంటే ఫ్రంట్ సైటు, నడిమధ్యన నిలవాలి. రెండు పక్కలా వెలుతురు సందు సమానంగా ఉండాలి. రెంటి పై అంచులూ ఒకే గీతలో కలవాలి.

సైట్ల మధ్య దూరం 20 సెంటీమీటర్లు, లక్ష్యం 25 మీటర్ల అవతల ఉందనుకుందాం. పోస్టు గాడిలో 0.1 మిల్లీమీటరు పక్కకు జరిగితే ఆ తేడా లక్ష్యం దగ్గరికి చేరేసరికి 125 రెట్లవుతుంది. అంటే 12.5 మిల్లీమీటర్లు. అంతర్జాతీయ పోటీల్లో 25 మీటర్ల ప్రెసిషన్ లక్ష్యం మీద పది పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లు. వెంట్రుక మందం కన్నా కాస్త ఎక్కువ పొరపాటు జరిగితే చాలు, గుండు కేంద్రం నుంచి ఆ వలయం అంచు దాకా ఉన్న దూరంలో సగం పక్కకు పోతుంది. అందువల్ల పోస్టు అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంటికి తిరుగులేకుండా తెలియాలి. గురి పోటీల్లో తలపండినవాళ్లు సైటు నలుపు గురించి అంతగా పట్టించుకోవడానికి కారణం ఇదే.

కన్ను ఒకే క్షణంలో మూడు దూరాల మీద నిలవలేదు. రేర్ సైటు, ఫ్రంట్ సైటు, లక్ష్యం మూడూ స్పష్టంగా కనిపించడం జరిగే పని కాదు. చూపు ఫ్రంట్ సైటు మీదే ఉంచమనీ, లక్ష్యం మసకగా ఉన్నా ఫరవాలేదనీ కోచ్‌లు మొదటి పాఠంలోనే చెబుతారు. ప్రెసిషన్ పోటీల్లో చాలామంది లక్ష్యం మీది నల్లటి గుండ్రానికి కింద ఉన్న తెల్లటి జాగాలో పోస్టును నిలుపుతారు. తెల్లటి నేపథ్యం మీద నల్లటి పోస్టు కత్తితో కోసినట్టు కనబడుతుంది.

ఆ పోస్టు మెరిసిందా, లెక్కంతా తప్పుతుంది. కుడివైపు నుంచి ఎండ పడి పోస్టు కుడి అంచు తళుక్కుమంటే ఆ అంచు చుట్టూ ఉన్న వెలుతురులో కలిసిపోతుంది. మిగిలిన నల్లటి భాగమే మొత్తం పోస్టని షూటర్‌కు తోస్తుంది. దాన్ని గాడి మధ్యకు తెచ్చుకుంటాడు. నిజానికి పోస్టు కుడికి జరిగి ఉంటుంది, గుండూ అటే పోతుంది. పై అంచు మెరిస్తే పోస్టు పొట్టిగా కనిపిస్తుంది, షూటర్ దాన్ని మరికాస్త ఎత్తుతాడు, గుండు పైకి పడుతుంది. ఇంతలో మబ్బు కమ్మితే మెరుపు పోయి గుండ్లు మళ్లీ మొదటి చోటికే వస్తాయి. చేతి నిలకడలో లోపమేదో వచ్చిందని షూటర్ కంగారుపడతాడు. ఆ లోపం చేతిది కాదు, సైటు మీద పడ్డ వెలుతురుది.

ఈ సమస్యకు మొదటి జవాబు సైటు ఆకారంలోనే దొరికింది. 19వ శతాబ్దం చివర్లో అమెరికన్ షూటర్ ఇ. ఇ. పాట్రిడ్జ్ పై భాగం చదునుగా ఉండే పోస్టును, దానికి జతగా చదరపు గాడిని ప్రచారంలోకి తెచ్చాడు. అంతకుముందు గుండ్రటి పూసలు, ‘వి’ ఆకారపు గాళ్లు ఎక్కువగా ఉండేవి. గుండ్రటి పూస మీద వెలుతురు ఎటు పడితే అటు మెరుపు చుక్క కదులుతుంది. చదును పోస్టుకు అంచులు నిటారుగా ఉంటాయి కాబట్టి ఆ ఇబ్బంది తగ్గింది. నేటి గురి పిస్టళ్ల మీద కనిపించే సైట్లన్నీ దాదాపు ఆ వంశానివే.

రెండో జవాబు మసి. అమెరికాలో ఓహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అనే చోట 1907 నుంచి జాతీయ గురి పోటీలు జరుగుతున్నాయి. ఆరుబయట, మారే ఎండలో, 50 గజాల దూరం దాకా ఒంటి చేత్తో పిస్టల్ పేల్చే సంప్రదాయం అక్కడ వేళ్లూనుకుంది. అలాంటి పోటీలకు వెళ్లే షూటర్ పెట్టెలో తూటాలు, నూనె సీసాలతో పాటు చిన్న కార్బైడ్ దీపం ఉండేది. గని కార్మికులు టోపీకి తగిలించుకున్న దీపం లాంటిదే అది. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడి నిషేధానికి గురైన కార్బైడే ఆ దీపంలోనూ వాడేది. కాల్షియం కార్బైడ్ గడ్డల మీద నీటి చుక్కలు పడితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. దానికి గాలి చాలినంత అందకపోతే మంట కొస నుంచి దట్టమైన మసి లేస్తుంది.

పని చూడడానికి సులువే కానీ ఓపిక కావాలి. ముందు పిస్టల్‌లో తూటా లేదని చూసుకుంటారు. సైటు మీద నూనె తడి ఏమాత్రం లేకుండా తుడుస్తారు. నూనె ఉంటే మసి ముద్దలు కట్టి, తడిసిన చోట మళ్లీ మెరుస్తుంది. తర్వాత మంట కొసను సైటుకు అందీ అందకుండా ఆడిస్తారు. ఒకేచోట ఆపితే లోహం వేడెక్కుతుంది. కొద్ది క్షణాల్లో ఉక్కు బూడిదరంగులోంచి గోధుమకు, గోధుమలోంచి ముఖమల్ లాంటి నలుపుకు తిరుగుతుంది. రేర్ సైటు గాడి లోపలి గోడలకు కూడా పొగ పట్టించాలి, మెరుపు దాక్కునేది ఎక్కువగా అక్కడే. దీపం దొరకనివాళ్లు కర్పూరం వెలిగించి ఆ పొగ పట్టేవారు. ఆముదపు దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టిన ఇళ్లలో ఈ విద్యకు వివరణ అక్కర్లేదు: పళ్లెం బదులు సైటు, అంతే తేడా.

మసికి మించిన నలుపు చేతికందే పద్ధతుల్లో అరుదు. కారణం దాని నిర్మాణంలో ఉంది. మసి అంటే నానోమీటర్లలో కొలవాల్సిన కార్బన్ రేణువులు గొలుసుల్లా అల్లుకుని, మధ్య ఖాళీలతో పేరుకున్న పొర. దాని మీద పడ్డ వెలుతురును కార్బన్ కొంత మింగుతుంది. మిగిలింది ఖాళీల్లోకి దూరి, గోడ నుంచి గోడకు తగులుతూ అక్కడే ఖర్చయిపోతుంది. అద్దంలా తిప్పికొట్టడానికి అక్కడ నునుపైన ఉపరితలమే లేదు.

కానీ అదే మసి వేలు తగిలితే చాలు, లేచిపోతుంది. పిస్టల్‌ను ఒరలో దూర్చినా, వాన చినుకులు పడినా, శుభ్రం చేసే ద్రావకం ఒక్క బొట్టు జారినా మళ్లీ మొదటికి వస్తుంది. స్ప్రే డబ్బాల్లో దొరికే సైటు నలుపుదీ ఇదే కథ, అది కూడా పోటీ ముందు చల్లుకుని తర్వాత తుడిచేసేదే. రోజూ వాడే పిస్టల్‌కు ఏళ్లతరబడి నిలిచే నలుపు కావాలంటే లోహంలోనే దారి వెతకాలి.

ఉక్కుకు తరతరాలుగా తెలిసిన దారి బ్లూయింగ్. ఇనుము ఆమ్లజనితో కలిస్తే వచ్చే రూపాల్లో ఎర్రటి తుప్పు ఒకటి, నల్లటి మాగ్నెటైట్ ఇంకొకటి. ఎర్రది లోహాన్ని తినేస్తుంది, నల్లది దాన్ని అంటిపెట్టుకుని నూనెను పట్టి ఉంచుతుంది. కర్మాగారాల్లో కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు కలిపిన నీటిని 140 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో మరిగించి అందులో ఉక్కును ముంచుతారు. అరగంట లోపే నల్లబడుతుంది. ఆ పొర మందం మహా అయితే రెండు మూడు మైక్రాన్లు. అంత పలచని పొర కింది లోహం స్వభావాన్ని దాచలేదు. సానపట్టి అద్దంలా చేసిన ఉక్కును ముంచితే నల్లటి అద్దం వస్తుంది. గరుకుగా చేసిన ఉక్కును ముంచితే పొడి నలుపు వస్తుంది. నల్లటి సైటు కొన్నా ఎండలో మెరుస్తోందని వాపోయేవాళ్ల కష్టం చాలావరకు ఇక్కడే మొదలవుతుంది: రంగు వచ్చింది, గరుకు రాలేదు.

నిదానంగా చేసే పాత పద్ధతి ఇంకొకటుంది. తుప్పు పట్టించి నలుపు చేయడం. జిడ్డు పూర్తిగా తీసేసిన ఉక్కు మీద ఆమ్లంలో ఇనుము కరిగించిన ద్రావణాన్ని పలచగా పూస్తారు. వానాకాలపు గాలిలా తేమ నిండిన పెట్టెలో కొన్ని గంటలు వదిలేస్తారు. పైన నారింజ రంగు నూగులా సన్నటి తుప్పు లేస్తుంది. అప్పుడు దాన్ని శుభ్రమైన నీటిలో మరిగిస్తారు. పావుగంట గడిచేసరికి ఆ ఎరుపు కళ్లముందే నల్లబడుతుంది. బయటికి తీసి, నూనె లేని సన్నటి స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్దితే పైనున్న పొడి రాలి, కింద బూడిదరంగు నీడ మిగులుతుంది. మళ్లీ పూత, మళ్లీ తేమ, మళ్లీ మరగబెట్టడం. ఐదారు సార్లకు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ సార్లకు, మెత్తటి మెరుపుతో లోతైన నలుపు తేలుతుంది. ప్రతి సారీ తుప్పు లోహాన్ని సూక్ష్మంగా గరుకు చేస్తుంది కాబట్టి, కాస్టిక్ స్నానంతో పోలిస్తే ఈ నలుపుకు తళుకు తక్కువ. తుపాకీ పనివాళ్లకు దీనిమీద ఉన్న గౌరవం అలా వచ్చిందే.

చల్లటి బ్లూయింగ్ సీసాలు ఇంత శ్రమ లేకుండా నలుపునిస్తామంటాయి. వాటిలో సెలీనియం, రాగి లవణాలు ఉంటాయి. అవి ఉక్కు మీద వేరే పదార్థాన్ని పేరుస్తాయి. గీత పడినచోట చిన్న మరమ్మతుకు పనికొస్తాయి, రాపిడికి మాత్రం తట్టుకోవు. విషపదార్థం కాబట్టి చేతి తొడుగులు, గాలి ఆడే చోటు తప్పనిసరి.

సైన్యాలకు కావలసింది అందం కాదు, మెరవని దృఢత్వం. ఇంగ్లండ్‌లో థామస్ కాస్లెట్ 1906లో ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఇనుముకు తుప్పు పట్టకుండా చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1915లో అమెరికాలో ఏర్పడిన పార్కర్ కంపెనీ దాన్ని మెరుగుపరిచి వాడకంలోకి తెచ్చింది. పార్కరైజింగ్ అనే మాట అలా పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు పిస్టళ్లు, రైఫిళ్లు లక్షల సంఖ్యలో ఆ పూతతోనే వెళ్లాయి. ఇందులో లోహం మీద సన్నటి ఫాస్ఫేటు స్ఫటికాలు మొలుస్తాయి. వాటి మధ్య సందులు వెలుతురును చెదరగొడతాయి, నూనెను స్పాంజిలా పీల్చి ఉంచుకుంటాయి. జింకు ఫాస్ఫేటు లేత బూడిదగా, మాంగనీసు ఫాస్ఫేటు ముదురుగా వస్తాయి. నూనె పట్టిన మాంగనీసు ఫాస్ఫేటు దాదాపు నలుపే. గరుకూ రంగూ ఒకే పనిలో సమకూరడం దీని గొప్పతనం.

లోహం మారితే విద్యా మారాలి. అల్యూమినియం సైటును కాస్టిక్ స్నానంలో ముంచితే నల్లబడదు, కరిగిపోతుంది. దానికి అనోడైజింగ్ చేస్తారు: విద్యుత్తుతో ఉపరితలాన్ని రంధ్రాలున్న ఆక్సైడుగా మార్చి, ఆ రంధ్రాల్లోకి నల్లరంగు పట్టించి మూసేస్తారు. స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పును ఎదిరించడానికే పుట్టింది కాబట్టి మామూలు బ్లూయింగుకు లొంగదు. దాన్ని ముందు గరుకు చేసి వేరే పూతలు వేస్తారు. కొలిమిలో కాల్చి గట్టిపరిచే సిరామిక్ రంగులు మన్నికకు పేరుపడ్డాయి కానీ, వాటి మందం పాతిక మైక్రాన్లు ఉండవచ్చు. ఎక్కువ పట్టిస్తే కత్తిలాంటి అంచు గుండ్రబడుతుంది. సైటుకు ప్రాణం ఆ అంచే కనుక పూత ఎంత పలచగా వేస్తే అంత మంచిది.

పూత ఏదైనా అసలు పని అంతకుముందే మొదలవుతుంది. అల్యూమినియం ఆక్సైడు రేణువులను గాలి ఒత్తిడితో చిమ్మి లోహాన్ని గరుకు చేస్తారు. గాజు పూసలు చిమ్మితే పట్టులాంటి మెరుపు మిగులుతుంది, పదునైన రేణువులైతే పొడి ఉపరితలం వస్తుంది. పోస్టు షూటర్ వైపు ముఖం మీద అడ్డంగా సన్నటి గీతలు చెక్కడం ఇంకో ఉపాయం. అంగుళానికి 40 లేదా 50 గీతలు వస్తే, పై నుంచి పడే వెలుతురు ప్రతి గాడిలో నీడగా మారుతుంది. ముఖాన్ని కొద్దిగా షూటర్ వైపుకు వాలేలా, పై అంచు ముందుకు ఉండేలా కోస్తే పోస్టు తన నీడలో తానే ఉంటుంది. ఏటవాలుగా ఉండే ర్యాంపు సైటుకు ఆ వసతి లేదు, ఆకాశపు వెలుతురంతా దాని వీపు మీదే పడుతుంది.

ఈ నలుపు అన్ని పనులకూ సరిపోదన్నదీ నిజమే. మసక చీకట్లో పనిచేసే పోలీసుల పిస్టళ్ల మీద నల్లటి సైటు నల్లటి నేపథ్యంలో కలిసిపోతుంది. అక్కడ తెల్ల చుక్కలు, ట్రిటియం దీపాలు అవసరమవుతాయి. పగటి వెలుతురులో, తెల్ల కాగితం మీద, కేంద్రం కోసం పోటీపడే ఆట మాత్రం నలుపుదే. ఒలింపిక్ పిస్టల్ పోటీల్లో అద్దాల సైట్లు, లేజర్లు నిషేధం. లోహపు పోస్టు, లోహపు గాడి, మధ్యలో వెలుతురు మాత్రమే సాధనాలు.

తెలుగువాళ్లకు ఈ ఆట పరాయిది కాదు. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 2023లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ మహిళల 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం, అదే విభాగంలో జట్టు స్వర్ణం సాధించింది. ఆ పోటీలో రెండో భాగం ర్యాపిడ్. వాల్చిన చెయ్యి ఎత్తి, సైట్లు కుదుర్చుకుని, గుండు వదలడానికి ఒక్కో షాటుకు మూడు సెకన్లే ఉంటాయి. పోస్టు అంచు కోసం వెతుక్కునే తీరిక ఆ మూడు సెకన్లలో ఎవరికీ ఉండదు.

కొత్తగా నలుపు వేయించిన సైటును ఎలా పరీక్షించాలి? ఖాళీ పిస్టల్‌ను రేంజిలోనే పట్టుకుని, తెల్ల కాగితం వైపు చూపుతూ, పక్క నుంచి ఒక దీపాన్ని కుడి నుంచి ఎడమకు, పై నుంచి కిందకు కదిలించమని ఇంకొకరికి చెప్పాలి. ఏ కోణంలోనూ పోస్టు సన్నబడినట్టుగానీ పొట్టిబడినట్టుగానీ కనిపించకపోతే పూత సరిగా కుదిరినట్టు. ఒక్క కోణంలో అంచు తళుక్కుమన్నా పైన మరో పూత వేయించి లాభం లేదు. పాత పొరను తీయించి, లోహాన్ని మళ్లీ గరుకు చేయించి, నలుపును మొదటి నుంచి పట్టించాలి.