పని నేర్పే చేతులు
కెంటకీలోని బెరియా కాలేజీ 1855లో పుట్టింది. 1892 నుంచి అక్కడ ట్యూషన్ ఫీజు లేదు. చదివే ప్రతివాళ్లూ వారానికి కనీసం 10 గంటలు పని చేయాలి. ఆఫీసుల్లో ఆ పని నేర్పేది అక్కడి సిబ్బందే. వాళ్లంటే నాకు గౌరవం.

రిజిస్ట్రార్ ఆఫీసు గుమస్తాకు తన ఫైళ్లు ఎలాగూ ఉంటాయి. పక్కన, ఫోనెత్తడానికే బెరుకుపడే పద్దెనిమిదేళ్ల పిల్ల. దరఖాస్తు ఎలా సరిచూడాలో, కోపంగా వచ్చినవాళ్లతో ఎలా మాట్లాడాలో, ఒకరి మార్కులు మరొకరి చెవిన ఎందుకు పడకూడదో ఆమెకు చెప్పాలి. తానే చేసుకుంటే ఐదు నిమిషాలు, నేర్పితే అరగంట. పిల్లకు చేయి తిరిగిందనుకునేసరికి డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోతుంది. ఆగస్టులో మరో కొత్త ముఖం. మళ్లీ మొదటి నుంచి, అంతే ఓపికగా.